మాసమ్మ ఆగిన చోట్లు

ఒకరి పాటను సాఫ్ చేస్తానని బయలుదేరేటోడికి తన చెవి మీద మస్తు నమ్మకం ఉంటది. అభిజిత్‌కు ఉండె.

నారాయణగూడలో పిల్లలకు కీబోర్డు నేర్పుతడు అభిజిత్. అశోక్ నగర్‌లో స్లాబ్ పనికి వచ్చిన పాలమూరు కూలీ మాసమ్మ పాటను టేపులో పట్టుకొచ్చి, వారం రోజులు కంప్యూటర్ ముందర కూర్చుని స్వరాలు రాసిండు. ఆదివారం చిక్కడపల్లిలో కూలీల మీటింగు. అక్కడ ఆ పాట కీబోర్డులో మోగాలె, ఆడోళ్లు దానెంబడి పాడాలె. సంఘం నడిపే ఈరన్నకు మాట ఇచ్చిండు.

ఒక్కటే చికాకు. మాసమ్మ ప్రతి చరణం తర్వాత ఆగుతది. ఒకసారి కొంచెం, ఒకసారి శానా. తాళమంటే ఎరుక లేదు పాపం అనుకున్నడు. ఖాళీలన్నీ కోసేసి, పాటను నాలుగు దెబ్బల తాళానికి బిగించి, మిడి ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసి ఫ్లాపీలో వేసుకున్నడు. మిడిలో గొంతు ఉండదు. ఏ మెట్టు ఎప్పుడు నొక్కాలె, ఎంతసేపు నొక్కాలె, అన్నీ హుకుములే.

శనివారం పొద్దున కీబోర్డును ఆటోలో వేసుకొని పనికాడికే పోయిండు.

"నీ పాట సాఫ్ చేసి తెచ్చిన, మాసమ్మా."

"ఇన్ని దినాలు మాసి ఉండెనా సారూ?"

ఆడోళ్లు నవ్విన్రు. మెట్ల మీద వరసగా నిలబడి సిమెంటు మాల్ తట్టలు చేతులు మారుస్తున్నరు. పనిలోనే పాడి చూడుండ్రి అన్నడు ఈరన్న. అభిజిత్ ఫ్లాపీ దూర్చి బటన్ నొక్కిండు.

రెండు చరణాలు నడిచినయి. వరస నడుమ అనిత ఉంది, మాసమ్మ కోడలు. పోయినేడు పరంజా మీదికెల్లి పడ్డది, కుడి భుజం సక్కగ లేవదు. ఆమె చేతిలో తట్ట ఇంకా పైకి అందనే లేదు, కీబోర్డు మూడో చరణం ఎత్తుకుంది. పాటతోటే కింది నుంచి ఇంకో తట్ట వచ్చి పడ్డది. రెండూ జారి మాలంతా మెట్ల పాలు. అనిత భుజం పట్టుకొని కూలబడ్డది.

అభిజిత్ ఉరికి కీబోర్డు ఆపిండు.

"సారూ, నేను ఆగే జాగలు ఏడబాయె?" మాసమ్మ అడిగింది.

"తప్పులనుకున్న. తీసేసిన."

"తట్ట అనిత చెయ్యి దాటేదాక ఆగుతం. నొప్పి ఎక్కువున్ననాడు ఇంక జరసేపు."

"మళ్ల పెట్టి తెస్త. ఎంతసేపు పెట్టమంటవ్?"

"వరసల ఎవరున్నరో చూసి పెట్టు." మాసమ్మ అతని మరక లేని చొక్కా వైపు చూసింది. "రా, అనిత జాగల నిలబడు."

నిలబడ్డడు. మొదటి తట్ట ఎట్లనో దాటించిండు. రెండోది నడుం దాటి లేవలేదు. మాసమ్మ పాట ఆపింది. వరసంతా ఆగింది. చేతుల్లో బరువు పెట్టుకొని, ఎవరూ నవ్వక, ఎవరూ జల్ది అనక, అందరూ అతని కోసం నిలబడ్డరు. అభిజిత్ తల ఎత్తలేదు.

తట్ట దాటినంకనే మాసమ్మ మళ్ల ఎత్తుకుంది.

దిగినంక ఈరన్నతో అన్నడు, "రేపు కీబోర్డు తెస్తలేనన్నా."

ఈరన్న కీబోర్డు ఎత్తుకొని ఆటో కోసం రోడ్డు మీదికి నడిచిండు. తిట్టినా బాగుండు అనిపించింది అభిజిత్‌కు.