నత్తకి పన్నెండు ఓట్లు

నత్తకి పన్నెండు ఓట్లు పడ్డాయని తన నోటితో తనే చదివి, ఆ వెంటనే "నత్త ఎంపిక కాలేదు" అన్నాడు లెక్కల మాస్టారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

నత్త మనిషి కాడు. మా లీగులో బేస్‌బాల్ ఆడేవాళ్లెవరూ మనుషులు కారు. మాస్టారు, బస్సు డ్రైవరు, నర్సు, ఇలా పదిహేడుమందిమి ఉన్నాం, తలా ఒక జట్టు. ఆటగాళ్లని కంప్యూటరే పుట్టిస్తుంది, మ్యాచులూ అదే ఆడిస్తుంది. ఎవరిని ఉంచుకోవాలి, ఎవరిని వదిలించుకోవాలి అని బుర్రలు బద్దలు కొట్టుకోవడం మా వంతు. "లేనోళ్ల కోసం కొట్టుకు చస్తారేమిటే" అంటుంది మా అమ్మ. ఆవిడకి జవాబు చెప్పే ఓపిక నాకెప్పుడూ లేదు.

నత్త మా తమ్ముడి జట్టులో బంతి విసిరేవాడు. మరీ నెమ్మదిగా విసిరేవాడు కాబట్టి ఆ పేరు పడింది. మొదటి సీజన్లో అందరూ నవ్వారు, అందరికంటే ముందు నవ్వింది ఈ మాస్టారే. మా తమ్ముడు మొండిఘటం. పద్నాలుగు సీజన్లు వాణ్ణే నమ్ముకుని రెండొందల పదకొండు మ్యాచులు గెలిచాడు. ఆట మానేసిన ఆటగాడి పేరు ఏడాదికోసారి, మొత్తం ఐదుసార్లు, హాల్ ఆఫ్ ఫేమ్ ఓటింగుకి వస్తుంది. వచ్చిన ఓటు కాగితాల్లో నాలుగింట మూడు వంతుల మీద ఆ పేరుంటే గోడ మీద ఫ్రేము కడతారు. ఐదోసారీ తప్పితే పేరు కొట్టేస్తారు, ఇక అంతే సంగతులు.

నాలుగోసారి ఒక్క ఓటు తక్కువైంది. ఆ ముక్క ఆస్పత్రిలో తమ్ముడికి చెప్పింది నేనే. "వచ్చేసారి గోడెక్కుతాడులే అక్కా, నువ్వు చూసుకో" అన్నాడు. నెల తిరక్కుండానే పోయాడు. జట్టు నా నెత్తిన పడింది.

ఇది ఐదోసారి. ఆదివారం మధ్యాహ్నం, జిరాక్స్ షాపు మీది గదిలో అందరం కూర్చున్నాం. నేను కళ్లద్దాల షాపులో అద్దాలు అరగదీసే పని వదిలేసి, చేతులకంటిన తెల్లపొడి కూడా కడుక్కోకుండా పరిగెత్తుకొచ్చాను. ఈ మాట వినడానికా?

లేచి నిలబడ్డాను. "పదహారింట్లో పన్నెండు. నాలుగింట మూడు వంతులు అవునా, కాదా? బళ్లో పిల్లలకీ ఇదే లెక్క చెబుతున్నారా మాస్టారూ?"

బస్సు డ్రైవరు ఫ్యాను వంక చూస్తున్నాడు. పక్కనున్న నర్సు నా మోచెయ్యి పట్టుకుని "కూర్చో అక్కా" అంది. విదిలించుకున్నాను.

"మా తమ్ముడున్నన్నాళ్లూ ఎదురుగా నవ్వారు. వాడు పోయాక లెక్క మారుస్తున్నారు. ఆడదానికి ఏం తెలుస్తుందిలే అనుకున్నారా?"

మాస్టారు తన ఓటు కాగితం తీసి నా ముందు పెట్టాడు. మొదటి పేరే నత్త. దాంతో నా కోపం తగ్గాల్సింది పోయి ఇంకా పెరిగింది.

"పదహారు కాదమ్మా, పదిహేడు. నీ కాగితం కూడా వచ్చింది" అన్నాడు.

"నాది ఖాళీదండీ. మన ఆటగాడికి మనమే ఓటేసుకోవడం సిగ్గుచేటు అనేవాడు మా వాడు. అందుకే ఏమీ రాయకుండా సంతకం పెట్టి పంపాను."

"తమ్ముడు అసలు కాగితమే పంపేవాడు కాదక్కా" అంది నర్సు మెల్లగా. "తన ఆటగాడి పేరున్న ఏడాది ఊరుకునేవాడు. ఖాళీ కాగితమైనా లెక్కలోకి వస్తుంది కదా."

"పంపకుండా ఉంటే పదహారింట్లో పన్నెండు, సరిపోయేది. ఓటేసినా పదిహేడింట్లో పదమూడు, సరిపోయేది" అన్నాడు డ్రైవరు, ఫ్యానుతో చెబుతున్నట్టు.

అటు ఓటూ వెయ్యలేదు, ఇటు ఊరికే కూర్చోనూ లేదు. రెంటికీ చెడ్డ రేవడినయ్యాను. వాణ్ణి గోడెక్కనివ్వనిది నేనే.

మాస్టారు నా ఖాళీ కాగితం చేతిలోకి తీసుకున్నారు. "తెలియక చేసింది. ఇది అసలు రాలేదనుకుందాం. ఎవరికైనా అభ్యంతరమా?"

అందరూ తలలు అడ్డంగా ఊపారు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నా ప్రాణం లేచొచ్చింది. సరేనండి అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. కానీ డ్రైవరు మొహం మాడ్చుకున్నాడు.

"ఏంటన్నా?" అన్నాను.

"ఏం లేదమ్మా. ఆరేళ్ల కిందట మాస్టారిక్కూడా ఇలాగే అయింది. ఆయన బ్యాటరుకి అదే ఐదోసారి. పేరు రాయడం మర్చిపోయి పంపారు. ఒక్క ఓటు తక్కువైంది. రాసుకోనివ్వమని బతిమాలారు కూడా."

"ఎవరు ఒప్పుకోలేదు?"

మాస్టారే చెప్పారు. "మీ తమ్ముడు. కాగితాలు విప్పాక ఒకటి తియ్యకూడదు, ఒకటి చేర్చకూడదు, అడిగింది ఎవరైనా సరే అని ఆ రోజే రూలు రాశాడు. అది తప్పేం కాదమ్మా. ఇప్పుడు దాని సంగతెందుకు?"

ఆయన బ్యాటరు ఫ్రేము గోడ మీద లేదు. ఆరేళ్లుగా ఈయన అదే గోడ కింద కూర్చుని అందరి ఓట్లూ లెక్కపెడుతున్నారు. ఆయన్నా నేను అన్ని మాటలన్నది?

అప్పుడొచ్చింది నాకు అసలు కోపం. తమ్ముడు పాస్‌వర్డు చెప్పాడు, ఏ ఆటగాడికి ఏ మోకాలు బాగాలేదో చెప్పాడు, ఎవరితో బేరం పెట్టుకోవద్దో చెప్పాడు. కాగితం పంపొద్దని ఒక్క ముక్క చెప్పకుండా పోయాడు వెధవ. వాడు పోయాక వాడి మీద నేను కోప్పడడం అదే మొదలు.

"ఆ కాగితం చింపకండి. పెన్నివ్వండి" అన్నాను.

"తొందరపడకమ్మా. అందరం ఒప్పుకున్నాం."

"మీ వాడికి లేనిది మా వాడికెందుకు? ఇవ్వండి మాస్టారూ."

ఇవ్వలేదు. ఆయన జేబులోంచి నేనే లాక్కున్నాను. ఆయన ముందున్న పేర్ల జాబితాలో నత్త పేరు మీద గట్టిగా గీత కొట్టాను. కాగితం చిరిగింది.

"తర్వాతి పేరు చదవండి" అన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు. చిరిగిన కాగితం నా వైపు తిప్పుకుని, ఆ తర్వాతి పేరు నేనే చదివాను.