పీకేసిన మేపుల్ మొక్కలు

యలమందయ్యను ముంచింది ఎవరంటే ఊళ్ళో ఎవరైనా జయరావు పేరే చెబుతారు. పరాయివాడైతే వాకిట్లోనే ఆపేవాడు. భార్య రాఘవమ్మకు సొంత తమ్ముడు గనక పీట వేసి అన్నం పెట్టాడు.

మిరపకు ధర పడిపోయిన తొంభై తొమ్మిదిలో ఏదో కంపెనీ కాగితాలతో దిగాడు జయరావు.

"మేపుల్ చెట్టు బావా! తాటిచెట్టు గీస్తే కల్లు కారినట్టు, దీని మానుకు గాటు పెడితే తియ్యటి నీళ్ళు కారతాయి. కాస్తే పాకం. మొక్కలు కంపెనీవి, నేల నీది."

బొమ్మలో ఆకు అచ్చం పత్తాకే. పత్తి పండే నల్లరేగడిలో దీనికేం రోగం అనుకున్నాడు యలమందయ్య. ఇంగ్లీషు కాగితంలో చెట్టు పేరు ఎక్కడొచ్చినా పెద్దక్షరాలే. ఐదుతో బడి మానేసినవాడికి ఆ అక్షరాలే హామీలా కనిపించాయి. సంతకం పెట్టాడు.

కూతురు శ్రీరమ్య చీరాల కాలేజీ నుంచి వచ్చి కాగితం చదివేసరికి నాట్లు అయిపోయాయి.

"చెట్టు పేరుకు పెద్దక్షరం అక్కర్లేదు నాన్నా. వేపైనా తుమ్మైనా చిన్నక్షరమే. మనిషి పేరో ఊరి పేరో కలిస్తేనే పెద్దది. అయినా ఇది మంచు దేశాల చెట్టు. రాత్రి గడ్డకట్టి పగలు కరిగితేనే ఆ నీళ్ళు కారేది. నలభై లీటర్లు కాస్తే ఒక్క లీటరు పాకం. పైగా ఇరవై ఏళ్ళలోపు మొక్కలు పీకితే పొలం కంపెనీదట!"

"మీ అమ్మకు చెప్పకు. తమ్ముణ్ణి ఇంటికి రానివ్వదు" అన్నాడు. అంతకన్నా, తాను నవ్వులపాలవుతానని భయం.

మే వడగాడ్పుకు మొక్కలన్నీ మాడి కట్టెలయ్యాయి. పత్తి తీయడం అయిపోయిన చేలో కట్టె పీకి పొయ్యికి మోసుకోవడం రాఘవమ్మకు చిన్ననాటి అలవాటు. మొగుడు మార్టూరు వెళ్ళిన రోజు, ఇద్దరు కూలీలను పెట్టి చేనంతా పీకించింది.

"చేను బాగుచేయించానయ్యా, ఇక మిరప వేసుకో" అంది, పొయ్యిలోకి ఇంకో కట్టె తోస్తూ.

యలమందయ్య మిగిలిన కట్టెలు చంకన పెట్టుకుని చేలోకి పరుగెత్తాడు. పాత గుంటలు వెతికి వెతికి పాతాడు. సగానికి కూడా చాలలేదు.

ఆదివారం జయరావు కంపెనీ మనిషిని వెంటేసుకొచ్చాడు. ఆ మనిషి ఒక కట్టెను రెండు వేళ్ళతో లాగాడు. చీపురుపుల్లలా ఊడొచ్చింది.

"ఒరేయ్, మీ అక్క తెలియక చేసింది. నువ్వైనా చెప్పరా!"

"సాక్షి సంతకం నాదే బావా. ఏమని చెప్పను?"

రాఘవమ్మ గట్టు మీద కూలబడింది. "నాతో ఒక్క మాట అనుంటే..."

మూడేళ్ళు కోర్టు మెట్లెక్కినా కాగితమే గెలిచింది. పోయింది బోరుతో సహా రెండెకరాల పదిహేడు సెంట్లు.