పది నిమిషాల వేణ్ణీళ్లు

"గీజర్ ఎవరు వేశారు?" అని మా ఆయన హాల్లోంచి అరిచేటప్పటికి, నేను బకెట్లో వేళ్లు ముంచి నీళ్ల వేడి చూస్తున్నాను. ఇంట్లో ఉండేది ముగ్గురం. ఆయన స్నానం అయిపోయింది, అత్తయ్య ఇంకా లేవలేదు. తెలియక అడిగే ప్రశ్న కాదది.

"నేనే, పది నిమిషాలే. భుజం పట్టేసింది."

"పట్టేస్తే మందు రాసుకోవాలి. చూడు, ఈ నెల మళ్లీ ఎనభై యూనిట్లు పెరిగింది. కరెంటాఫీసులో పనిచేసేదాని ఇంట్లో ఇంత బిల్లంటే నలుగురూ నవ్విపోరూ?"

చెయ్యి తుడుచుకుని వెళ్లి స్విచ్ ఆపేశాను. అరబకెట్ గోరువెచ్చని నీళ్లతో స్నానమైందనిపించి బస్సుకి పరిగెత్తాను.

నాలుగు నెలలుగా మా ఇంట్లో పొదుపు నడుస్తోంది. నడిపేది ఆయన, నడిచేది నేను. మొదట వాషింగ్ మెషిన్ ఆగిపోయింది. ఇప్పుడు దాని మీద అత్తయ్య మందుల డబ్బా, కళ్లజోడు పెట్టుకుంటోంది. "ముగ్గురి బట్టలకి మెషిన్ ఎందుకమ్మాయ్, చేత్తో రెండు నిమిషాల పని" అంది. ఆ రెండు నిమిషాల కోసం నేను గంట ముందు లేస్తాను. జాడించిన నీళ్లు పారబొయ్యకూడదు, వాటితో ఇల్లు తుడవాలి. గ్యాస్ మిగలాలంటే గింజలు ముందురోజే నానెయ్యాలి, గిన్నె మీద మూత కదపకూడదు, ఉడికీ ఉడకకముందే మంట ఆపి ఆ వేడికే మగ్గనివ్వాలి. ఇవన్నీ మంచి పద్ధతులే, కాదనను. ఆఫీసులో నేనూ పదిమందికీ చెప్పేవే. కానీ బిల్లు పెరిగినప్పుడల్లా ఇంకో పని నా చేతికొచ్చేది. ఇన్ని ఆపినా ఎందుకు పెరుగుతోందని అడిగితే, "ఇంకా ఎక్కడో దుబారా చేస్తున్నావన్నమాట" అనేవాడు. నేనూ నమ్మాను. వంటింట్లో లైటు మర్చిపోయానేమో, మోటారు ఎక్కువసేపు వదిలేశానేమో అని బస్సులో కూర్చుని నన్ను నేనే గుచ్చి గుచ్చి అడుక్కునేదాన్ని. మెషిన్ చేసే పని నా రెక్కల మీదికొచ్చింది. రెక్కలకి మీటరు బిగించే ఆఫీసేదీ లేదు.

ఆఫీసులో నా పేరు యూనిట్లక్క. బిల్లు ఎక్కువొచ్చిందని గొడవపడటానికి వచ్చేవాళ్లందరూ నా కౌంటరు దగ్గరికే వస్తారు. పోయిన నెల రీడింగూ ఈ నెల రీడింగూ పక్కపక్కన పెట్టి, ఫలానా గీత దాటితే ప్రతి యూనిట్టుకీ రేటు ఎలా మారుతుందో చూపిస్తాను. వాళ్లు చల్లబడి వెళ్లిపోతారు.

ఆ రోజు మధ్యాహ్నం తాళాలు బాగుచేసే ఒక పెద్దాయన వచ్చాడు. ఇంట్లో ఏమేం వాడతారని అడిగి రాసుకుంటున్నాను.

"గీజర్ ఎంతసేపు వేస్తారండీ?"

"పొద్దున అరగంట, సాయంత్రం అరగంట."

"అదేనండీ, అది తగ్గించుకుంటే..."

"అదొక్కటీ అడక్కమ్మా" అన్నాడాయన. "మా ఆవిడకి నడుంనొప్పి. సాయంత్రం వేణ్ణీళ్లు పోసుకుంటేగానీ నిద్రపట్టదు. కావాలంటే నా ఫ్యానాపమను, టీవీ అమ్మెయ్యమను. ఆ నీళ్ల జోలికి మాత్రం పోను."

నా పెన్ను ఆగిపోయింది. కళ్లలోకి నీళ్లొస్తాయేమోనని కంప్యూటరు వైపు తిరిగి లేని పని కల్పించుకున్నాను. గీజర్ వేడి తగ్గించి పెట్టుకోమనీ, ఫ్రిజ్ తలుపు రబ్బరు సడలిందేమో చూడమనీ చెప్పాను. "ఇంట్లో అన్నీ ఆపేసి మీటరు దగ్గర నిలబడండి. అప్పుడు కూడా ఎర్ర లైటు కొట్టుకుంటుంటే, మీకు తెలియకుండా ఏదో లాగుతోందన్నమాట" అన్నాను. పెద్దాయన దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు.

ఆయన వెళ్లాక కూడా ఆ ఇంటి స్నానాలగది నన్ను వదల్లేదు. చూడని ఆ గదిని నేను నాలుగు రోజులు మోసుకు తిరిగాను. అద్దం మీద ఆవిరి, లోపల తీరిగ్గా చెంబు చప్పుడు, బయట అయిందా అని అడగని మనిషి. ఆవిడెవరో, ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఆవిడ నడుంనొప్పి మీద కూడా నాకు అసూయ కలిగింది. పెళ్లయిన పదకొండేళ్లలో నా నొప్పి ఇంకొకరి నోట వినలేదు. నా కోసం ఒక్కటంటే ఒక్క వస్తువు, 'ఇది మాత్రం ఆపను' అని ఎవరైనా పట్టుబడితే బాగుండుననిపించింది. వేణ్ణీళ్లే కానక్కర్లేదు. వంటింట్లో చిన్న ఫ్యానైనా సరే.

ఆదివారం మా ఆయనా, అత్తయ్యా, మరిదీ కలిసి బంధువుల కొత్త ఇల్లు చూడటానికి వెళ్లారు. వేరే కాపురం ఉండే మరిది, మా ఇంటి కింద వీధి గదిలో కూల్‌డ్రింకులూ ఐస్‌క్రీమూ అమ్మే కొట్టు పెట్టి నాలుగు నెలలైంది. ఆ రోజు దాని షట్టరు దించేసే వెళ్లాడు. ఇంట్లో నేనొక్కదాన్నే. పెద్దాయనకి చెప్పిన పని నేనెందుకు చెయ్యకూడదనిపించింది. లైట్లు, ఫ్యాన్లు, టీవీ, ఫ్రిజ్, ఛార్జర్లు అన్నీ ఆపాను. మెట్ల కింద మీటరు దగ్గరికొచ్చి చూస్తే ఎర్ర లైటు టకటకా కొట్టుకుంటోంది. అనుమానమొచ్చి మెయిన్ ఆపేశాను. లైటు ఆగింది. షట్టరు వెనకాల అంతసేపూ వినిపిస్తున్న హోరు కూడా టప్పున ఆగింది.

మళ్లీ మెయిన్ వేశాను. కొట్టులో ఫ్రీజర్ గుర్రుమంటూ మొదలైంది. మా బోర్డులోంచి గోడ వెంబడే కొట్టులోకి వెళ్లిన నల్ల వైరు అప్పుడు కనిపించింది. ఎన్నిసార్లు తుడిచానో ఆ గోడని! ఇంటి కనెక్షన్‌తో వ్యాపారం చెయ్యకూడదని రోజూ జనానికి చెప్పే మనిషిని నేను. 

పొద్దుగూకే వేళకి వచ్చారు. మా ఆయన చెప్పులు విడుస్తుండగానే అడిగాను.

"కొట్టుకి లైను మన మీటర్లోంచి ఇచ్చారా?"

ఆయన అత్తయ్య వంక చూశాడు. అత్తయ్య గదిలోకి వెళ్లిపోయింది. ఆవిడకీ తెలుసన్నమాట.

"వాడు కాస్త నిలదొక్కుకునేదాకా అనుకున్నాం. నీకు చెబితే ఆఫీసు రూల్సన్నీ తీస్తావని..."

"మరి ఈ నాలుగు నెలలూ నా గీజరు గురించి ఎందుకడిగారు?"

విడిచిన చెప్పులు గోడవారకి సర్దాడు. తర్వాత, దాచకుండా చెబుతున్నాననుకుంటూ కాబోలు, మెల్లగా అన్నాడు. "ఎక్కడో ఒకచోట తగ్గించాలి కదా. నువ్వయితే సర్దుకుంటావని."

నేను అరవలేదు. అరుస్తాననే నేనూ అనుకున్నాను. అత్తయ్య మందుల డబ్బా, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, విడిచిన నా బట్టలు మెషిన్‌లో వేశాను. నావి మాత్రమే.

"రేపు కొత్త మీటరుకి దరఖాస్తు ఫారం తెస్తాను. కొట్టు పేరు మీద. మరిదిగారు సంతకం పెట్టాలి. వారంలో పెట్టకపోతే ఆ వైరు గురించి ఆఫీసులో నేనే రాసిస్తాను."

"సొంతింటి మీదా?"

"అవును. ఈలోగా తమ్ముడికి ఇచ్చేది మీ వాటాలోంచి ఇవ్వండి. మీ చొక్కాలు మీరు ఉతుక్కోండి, మీ వేణ్ణీళ్లు మీరు తగ్గించుకోండి."

స్విచ్ నొక్కాను. మెషిన్ తిరగడం మొదలైంది. ఆయన చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు గుమ్మంలో కాసేపు తచ్చాడి, "భుజం ఇంకా నొప్పిగా ఉందా? గీజర్ వెయ్యనా?" అన్నాడు.

ఎంత చిన్న మాట! పదకొండేళ్లుగా నేను ఎదురుచూసిన మాట ఇంత చిన్నదని నాకు తెలియదు. గొంతు అదే, మనిషీ అతనే. దొరికిపోకముందు అడిగి ఉంటే ఈ క్షణాన నేను అతని భుజం మీద తల పెట్టుకుని ఏడ్చేదాన్ని.

"నేను వేసుకుంటాను" అని, స్నానాలగది తలుపు వేసుకున్నాను.