ఆదివారం గోలీ

"చాయ్‌ల చక్కెర జర తక్కువైంది నర్సమ్మా," అంది అంబర్‌పేట నుంచి వచ్చిన మొగుడి మేనత్త. పక్కనే మంచం మీద ఉప్పలమ్మ తువ్వాల కొస నోట్లో కుక్కుకుని కొరుకుతోంది. వెంకటనర్సమ్మ చక్కెర డబ్బా తెచ్చి ఇచ్చింది. చేతులు అలవాటు పడ్డ పని చేశాయి గానీ, మనసు మాత్రం ఆ చాయ్ గ్లాసును మేనత్త నెత్తిమీద బోర్లించి వచ్చింది.

ఉప్పలమ్మ వెంకటనర్సమ్మకు అత్త. క్యాన్సర్ వెన్నెముకలోకి పాకింది, ఇక చేసేదేమీ లేదని డాక్టర్లు మార్ఫిన్ గోలీలు రాసిచ్చి ఇంటికి పంపారు. "నొప్పి వచ్చేదాకా ఆగొద్దమ్మా, టైంకు వేస్తనే అది పని జేస్తది," అని ఇంటికొచ్చి చూసే నర్సు దీప మరీ మరీ చెప్పింది. మామూలు రోజుల్లో అట్లాగే వేస్తే ముసలామె కాస్త గంజి తాగుతుంది, కోడలి కొప్పు సరిగా లేదని వంక కూడా పెడుతుంది. తంటా అంతా ఆదివారంతోనే. బ్రెడ్డు, అరటిపళ్లు పట్టుకుని చుట్టాలు ఉప్పల్‌లో బస్సు దిగి వస్తారు. వచ్చినవాళ్లతో తల్లి మాట్లాడకపోతే కొడుకు పరువేం కావాలి? అందుకని ఆ కొడుకు బిక్షపతి పొద్దున్నే గోలీల షీటు తన అంగీ జేబులో వేసుకుంటాడు. "మత్తుల పడి ఉంటే మంది ఏమనుకుంటరే? వాళ్లు పోయినంక ఇద్దాం. గీ గోలీలు అలవాటైతే ఇడువయి, నాకు తెల్వదా?" అంటాడు.

తెలుసట. నాచారంలో మందుల కంపెనీలో ఉద్యోగం అంతా గోలీల డబ్బాలకు టేపు అంటించాడు మహానుభావుడు. ఆ టేపు జిగురుతోనే వైద్యం వంటికి అంటుకుందని నమ్మకం. సాయంత్రమైతే సీసా లేనిదే ముద్ద దిగని మనిషికి, పోయేముందు తల్లికి అలవాటవుతుందని భయం! మొన్నటికి మొన్న పన్ను సలిపితే వాడంతా లేచేలా మూలిగి, ఆటో పిలిపించి, సూది వేయించుకునేదాకా ఊరుకున్నాడా? ఇప్పుడు అరుగు మీద చుట్టాలతో, "గట్టి మనిషి మా అమ్మ. ఓర్సుకుంటది," అంటున్నాడు. కొడుకంటే నువ్వేరా అని వాళ్లు మెచ్చుకుంటున్నారు.

ఓర్చుకోవడం ఈ ఇంట్లో ఆడవాళ్లకే రాసిపెట్టి ఉంది. వెంకటనర్సమ్మకు గర్భసంచి తీసేసినప్పుడు కుట్లు ఆరకముందే బట్టల బకెట్ ముందు కూర్చోబెట్టారు. కడుపు పట్టుకుని వంగిపోతే, "మేం కనలేదా, మాకు కోయలేదా? నీదొక్కదాందే కడుపా?" అన్నది ఇదిగో, ఈ మంచం మీది మనిషే. బిక్షపతి అప్పుడు అన్నం ఎందుకు ఆలస్యమైందని అడిగాడు. మనిషి మర్చిపోయిందేమో గానీ, కడుపు మర్చిపోలేదు.

మేనత్త చాయ్ తాగి ఉప్పలమ్మ మీదికి వంగి, "వదినె, నన్ను గుర్తువట్టినవా?" అంది.

ముసలామె నోట్లోంచి తువ్వాల తీసింది. "గుర్తువట్టిన. ఇగ పో."

ఎంత హుషారుగా ఉందో అని మేనత్త మురిసిపోయింది. ఉప్పలమ్మ కళ్లు మాత్రం ఉక్కకు విప్పి కొక్కేనికి తగిలించిన కొడుకు అంగీ మీదే ఉన్నాయి. ఆ చూపు వెంకటనర్సమ్మ చూసింది. కంటిచూపుతో అడుక్కోవడం ఆమెకు తెలిసిన భాషే.

లేచి అంగీ జేబులోంచి షీటు తీసి, గోలీ వేసి, నీళ్లు తాపింది. మేనత్తను రెక్క పట్టుకుని అరుగు మీదికి సాగనంపి, తలుపు వేసి గొళ్లెం పెట్టింది. బయట గొంతులు లేచాయి, తలుపు మీద దెబ్బలు పడ్డాయి. ఆమె కదల్లేదు, అత్త వీపు నిమురుతూ కూర్చుంది. కాసేపటికి ముసలామె బిగిసిన పిడికిళ్లు విడిపోయాయి.

"నర్సమ్మా," అంది ఉప్పలమ్మ కళ్లు మూసుకునే. "కడుపు కోసినప్పుడు నీకు గిట్లనే నొచ్చిందా?"

"నొచ్చిందత్తా."

ముసలామె కోడలి చేతిని వెతికి పట్టుకుని, అట్లాగే నిద్రలోకి జారింది.

వెంకటనర్సమ్మ షీటును రవికెలో దోపుకుని తలుపు తీసింది. బిక్షపతి ఎదురుగా ఉన్నాడు, మొహం కందగడ్డలా చేసుకుని. "ఎవ్వలనడిగి ఇచ్చినవే?"

"నొప్పి ఎవ్వలదో వాళ్లనడిగిన," అంది. "చాయ్ గిన్నె పొయ్యి మీదున్నది. మీ వాళ్లకు నువ్వే పోసియ్యి. చప్పుడు జేయకు, ఆమె పండుకున్నది."