నీటి చక్రానికి నలభై కుండలు

మా దేశంలో అల్లుడు అత్తగారి మొహం చూడకూడదు, ఆమెతో నేరుగా మాట్లాడకూడదు. మా ఇంట్లో ఆ ఇద్దరూ ఒకే వాకిట్లో కూర్చుని మట్టి పని చేస్తారు. నాన్న కుమ్మరి సారె తూర్పు గోడ దగ్గర, అమ్మమ్మ పీట పడమటి గోడ దగ్గర. ఒకరి వైపు ఒకరు వీపు పెట్టి కూర్చుంటారు. మధ్యలో నేను. వాళ్ల మాటలు పదిహేనేళ్లు మా అమ్మ మోసింది. తర్వాత విసుగొచ్చి, "మషితే, నీకెటూ సొంత మాటలు లేవు కదా, వీళ్లవైనా మొయ్యి" అని ఆ పని నాకప్పజెప్పింది.

నాన్న పేరు అరితెన్. ఆయన చేసే గిన్నెలు కోడిగుడ్డు పెంకంత పలచన. వాటి మీద కప్పల్ని, మొసళ్లని గీస్తాడు. ఏటా వరద తీశాక మెరోయి నగరం నుంచి రాజుగారి పడవ వచ్చి వాటిని పట్టుకెళ్లేది. మూడేళ్లుగా పడవ లేదు. అక్కడిప్పుడు రాజే లేడని, ఇనుము కరిగించే కొలుములు చల్లబడ్డాయని, సింహముఖ దేవుడి గుడి వాకిట్లో తుమ్మలు మొలిచాయని దారినపోయేవాళ్లు చెప్పారు. నాన్న నమ్మలేదు. చేస్తూనే ఉన్నాడు. అటక నిండి, గిన్నెలు నా పక్క చుట్టూ కూడా చేరాయి. కాలు చాపాలంటే భయం.

అమ్మమ్మ సారె ముట్టదు. ఆడవాళ్లు ముట్టకూడదు. మట్టిలో పేడ, తరిగిన గడ్డి కలిపి, చేత్తో తట్టి నల్లటి కల్లు కుండలు చేస్తుంది. అది మగవాళ్లు చెయ్యకూడని పని.

"చెప్పవే మీ నాన్నకి," అనేది అమ్మమ్మ, నాన్నకి బాగా వినబడేలా. "రాజు లేని ఊరికి గిన్నెలెందుకట?"

"మీ అమ్మమ్మకి చెప్పు," అనేవాడు నాన్న గోడ వైపు చూస్తూ. "మన రాజులు ఒకప్పుడు సముద్రం దాకా ఏలారు. ఈజిప్టు వాళ్లు మన ముందు మోకరిల్లారు. అలాంటి రాజ్యం ఊరికే పోదు."

"ఏలితే ఏలారు. ఇప్పుడొచ్చి జొన్నకి నీళ్లు పెట్టమను ఆ రాజుల్ని."

నేను మొయ్యకుండానే ఇద్దరికీ అన్నీ వినబడేవి. అయినా ఆచారం కాబట్టి తల అటూ ఇటూ తిప్పేదాన్ని.

ఆ ఏడు వరద సరిగా రాలేదు. జొన్న ఇంకా కంకి వెయ్యక పొట్ట మీద ఉండగానే నది కిందికి జారిపోయింది. ఏతాలకి నీళ్లందలేదు. పైవూరి వాళ్లు అప్పటికే గాడిదల మీద సామాను వేసుకుని దక్షిణానికి వెళ్లిపోయారు. మా ఊరి పెద్ద నతెవి అందర్నీ కూర్చోబెట్టి చెప్పాడు: "పది రోజులు చూద్దాం. ఈలోగా చేనుకి నీళ్లొస్తే ఉందాం. రాకపోతే మనమూ పోదాం."

నాకు ఆ ఊరు తప్ప మరో ఊరు తెలియదు. తెలుసుకోవాలనీ లేదు.

నది దిగువ నుంచి వచ్చిన తొపకి అనే వడ్రంగి అప్పటికే ఒడ్డున ఎద్దు తిప్పే నీటి చక్రం కడుతున్నాడు. అలాంటిది మా వైపు ఎవరూ చూళ్లేదు. చెక్కపని అయిపోయింది. తాడుకి వరసగా కట్టడానికి నలభై కుండలు కావాలన్నాడు.

"సారె పని. నాది," అన్నాడు నాన్న.

నాలుగు రోజులు తలెత్తలేదు. కుండలు కాల్చిన ఆవం విప్పిన రోజు ఊరంతా చూడ్డానికొచ్చింది. నలభై కుండలు, ఉల్లిపొరంత పలచన. ప్రతిదాని మీదా ఒక కప్ప. ఏ రెండు కప్పలూ ఒకలా లేవు. ఒకటైతే నవ్వుతోంది. నతెవి భార్య దాన్ని ఒళ్లో పెట్టుకుని, తిరిగి ఇవ్వనంది.

తొపకి ఒకదాన్ని గోటితో మీటి చూశాడు. "అన్నా, ఇవి ఎద్దు కోసమా, రాణీగారి కోసమా?"

"కట్టి చూడు," అన్నాడు నాన్న.

కట్టారు. ఎద్దు నాలుగడుగులు వేసింది. మొదటి కుండ మునిగి, నిండుగా పైకొచ్చింది. ఊరంతా ఒక్క కేక వేసింది. కుండ చెక్కకి తగిలి టిక్కుమంది. రెండోదీ టిక్కుమంది. మూడోదాన్నుంచి లెక్కపెట్టడం మానేశాం. ఎద్దుకి ఆ చప్పుడు నచ్చినట్టుంది, ఆపమన్నా ఆగలేదు. చివరికి తాడు మీద కుండల మెడలు మాత్రం మిగిలాయి.

"పోనీలే అరితెన్," అన్నాడో ముసలాయన, "కప్పలు వాటింటికి అవి చేరుకున్నాయి."

అందరూ పడీపడీ నవ్వారు. నేనూ నాన్నా నవ్వలేదు. నాన్న వెళ్లి ఆవం వెనక కూర్చున్నాడు. నవ్విన వాళ్లే ఇళ్లకి వెళ్లి మూటలు కట్టడం మొదలుపెట్టారు.

మర్నాడూ నాన్న లేవలేదు.

"చెప్పవే మీ నాన్నకి," అంది అమ్మమ్మ. "ఏడవడం అయ్యాక మట్టి తొక్కడానికి రమ్మను. నా మట్టి."

వెళ్లి చెప్పాను.

"పేడ మట్టా? నా సారె మీదా?"

"అమ్మమ్మ ఒక్కతే తడితే రోజుకి నాలుగు కుండలు నాన్నా. నీ సారె మీదైతే ఇరవై. నాకు ఇక్కణ్నుంచి పోవాలని లేదు."

నేను అన్ని మాటలు ఒకేసారి అనడం ఆయనెప్పుడూ వినలేదు. లేచి కాళ్లు కడుక్కున్నాడు.

పని మొదలైంది, వీపులు వీపులుగానే.

"ఎంత మందమో అడుగు."

"రెండు వేళ్లని చెప్పు."

"ఎవరి వేళ్లో అడుగు."

"నావేనని చెప్పు. వాడి వేళ్లూ వేళ్లేనా, చీపురు పుల్లలు."

రెల్లు పుల్లతో కొలత తీసుకుని అటూ ఇటూ పరుగెత్తాను. నేను మాట మోసుకెళ్లేలోగా సారె మీద మట్టి పలచనైపోయేది. నాన్న వేళ్లకి మరొకటి తెలియదు. మూడు కుండలు పాడయ్యాయి. నాలుగోదాన్ని మళ్లీ పైకి లాగుతుంటే అమ్మమ్మ ఉండబట్టలేక వెనక్కి తిరిగింది.

"ఓయ్ అల్లుడూ! చెయ్యి తియ్యవయ్యా! ఇంకా లాగితే చస్తుందది!"

"తీశానత్తా, అరవకండి!"

సారె ఆగిపోయింది. రొట్టెల పళ్లెంతో వస్తున్న అమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. నేను ఆకాశం వైపు చూశాను. ఏమీ పడలేదు. ఒక కోడి వచ్చి పేడమట్టి గోకింది.

అమ్మమ్మ పీట లాక్కుని వచ్చి సారె ఎదురుగా కూర్చుంది. "గడ్డం నెరిసిందే నీకు."

"మీ గొంతుని బట్టి మీరింకా భారీ మనిషనుకున్నానత్తా," అన్నాడు నాన్న.

అమ్మ పళ్లెం దించి, కడుపు పట్టుకుని నవ్వింది.

రెండు రోజుల్లో నలభై అయ్యాయి. నాన్న తిప్పుతుంటే, తాడు జారకుండా ప్రతి కుండ అడుగునా అమ్మమ్మ ఒక బొడిపె అద్దింది. కప్ప గీస్తానని నాన్న, గీస్తే చెయ్యి విరగ్గొడతానని అమ్మమ్మ. ఎండలో ఆరాయి, ఆవంలో కాలాయి. నల్లగా, మొద్దుగా బయటికొచ్చాయి.

తొమ్మిదో రోజు పొద్దున్నే కట్టారు. ఈసారి చూడ్డానికి సగం ఊరే వచ్చింది. మిగతా సగం గాడిదలకి సామాను ఎత్తుతోంది. ఎద్దు కదిలింది. కుండ చెక్కకి తగిలి దబ్బుమంది. నాన్న కళ్లు మూసుకున్నాడు.

"కళ్లు తెరువు," అంది అమ్మమ్మ.

నీళ్లు దబదబా కాలవలో పడ్డాయి. ఎర్రటి దుమ్మును తోసుకుంటూ, బుడగలు కక్కుతూ, మొదటి సాలు చేరాయి. అక్కడ నేల గుటగుటా తాగేసింది. మళ్లీ వచ్చాయి. రెండో సాలు చేరాయి.

నతెవి చేలోకి దిగి, బురదలో మడమల దాకా నిలబడి, తర్వాత ఇంటికి నడిచాడు. ఆయన భార్య గాడిదకి ఆఖరి ముడి బిగిస్తోంది.

"దించు," అన్నాడు.

"ఇప్పుడేగా ఎక్కించింది!"

"దించు. ఆకలేస్తోంది, వండు."

"వంటకుండ అన్నిటికన్నా అడుగున ఉంది."

"అయితే అన్నీ దించు," అన్నాడాయన.