మిరియం ఇవ్వనన్న బాతు

వేట కుక్కను తయారు చేయించాలంటే ఆ చుట్టుపక్కల వాళ్లంతా వెల్డరు వాళ్ల అక్క దగ్గరికే వచ్చేవారు. ఆవిడ కుక్కను కసిరేది కాదు, కొట్టడమన్న మాటే లేదు. ఆవిడ దగ్గర నేర్చుకున్న కుక్క చెరువులో పడ్డ బాతును నోట కరచుకుని, ఈక నలగకుండా తెచ్చి అరచేతిలో పెట్టేది. వాటన్నిటిలోకీ మిరియం అంటే ఆవిడకు ప్రాణం. నల్లగా, చిన్నగా, చురుగ్గా ఉంటుందని ఆ పేరు పెట్టుకుంది.

ఆ ఏడు ఆవిడ మెట్ల మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషను, ఆస్పత్రి, ఆ తర్వాత మంచం. మిరియాన్ని తమ్ముడికి అప్పగించక తప్పలేదు.

"రోజూ కాసేపు ఏదో ఒకటి విసిరి తెప్పించు, చాలు. కొత్తగా ఏమీ నేర్పకు," అంది.

"నాకు తెలీదా అక్కా! నీ పక్కనే కదా పెరిగాను," అన్నాడు వెల్డరు.

మొదట్లో బాగానే సాగింది. షాపు వెనక ఖాళీ స్థలంలో తన తోలు గ్లవుజు విసిరేవాడు. మిరియం పరుగున వెళ్లి తెచ్చిచ్చేది. షాపుకొచ్చే స్నేహితులు మెచ్చుకుంటుంటే ఆ గొప్పంతా తనదే అయినట్టు పొంగిపోయేవాడు.

ఒక మధ్యాహ్నం షాపు కిటికీ అద్దానికి గుద్దుకుని పావురమొకటి కింద పడింది. ఎవరూ చెప్పకుండానే మిరియం దాన్ని నోట పట్టుకుని, తోకాడించుకుంటూ వచ్చి అతని ముందు నిలబడింది. స్నేహితులంతా చుట్టూ మూగారు.

"ఇచ్చెయ్," అన్నాడు.

అంతమంది ఒక్కసారిగా మీదికి వంగేసరికి బెదిరిందో, తానే సంపాదించుకున్న వేటను వదలబుద్ధి కాలేదో గానీ, కుక్క వెనక్కి జరిగింది. అతను మెడపట్టీ దొరకబుచ్చుకుని పావురాన్ని లాగాడు. అది పళ్లు బిగించింది. రెక్క ఊడి అతని చేతికొచ్చింది.

"పావురం దానికి, రెక్క నీకు! వాటాలు బాగా కుదిరాయిరోయ్," అన్నాడు షాపు పక్కనుండే పెయింటరు. అందరూ పగలబడి నవ్వారు.

అతనికి ఒళ్లు మండిపోయింది. కుక్క చెవి గోళ్లు దిగేలా పట్టుకుని మెలిపెట్టాడు. అయినా వదలకపోయేసరికి నడుముకున్న బెల్టు లాగాడు. నవ్వులు ఆగిపోయాయి. దెబ్బల మధ్య ఎప్పుడో మిరియం పావురాన్ని వదిలేసి, పొట్ట నేలకానించి పాక్కుంటూ బల్ల కిందికి దూరింది.

అప్పటినుంచి ఏది నోట పట్టినా అతని దగ్గరికి రావడం మానేసింది. ఇనుప రేకుల వెనక్కి పట్టుకుపోయి, దాని మీద కాళ్లు వేసుకుని పడుకుని గుర్రుమనేది. అతను వెంటపడి లాక్కునేవాడు. లాక్కున్నకొద్దీ అది మరింత గట్టిగా కొరికేది. అక్క ఫోను చేసి, "ఎలా ఉందిరా నా పిల్ల?" అని అడిగితే మాత్రం, "బంగారం అక్కా!" అనేవాడు.

"వదినతో ఉన్నమాట చెప్పండి," అని భార్య పోరింది. సీజను నాటికి అదే దారికొస్తుందిలెమ్మని దాటేశాడు.

వేట మొదలైన రోజు అక్క చేతికర్ర సాయంతో చెరువు గట్టుకు వచ్చి మడతకుర్చీలో కూర్చుంది. ఆవిడ గట్టు దిగి నడవలేదు కనుక కుక్కను తమ్ముడే పట్టుకున్నాడు. వేట జట్టుకు పెద్దగా ఉన్న ముసలాయన, ఇంకొందరు వేటగాళ్లు, వాళ్లతోపాటు బేకరీ యజమాని కూడా వచ్చారు. బేకరీ ఆయన కొత్తగా ఒక కుక్కపిల్లను కొన్నాడు. అక్క పనితనం కళ్లారా చూసి దాన్ని ఆవిడకు అప్పగిద్దామని అతని ఆలోచన.

ముసలాయన తుపాకి పేలింది. బాతు నీళ్లలో పడింది. మిరియం బాణంలా దూసుకెళ్లి దాన్ని అందుకుంది.

"చూశారా ఆ ఈత!" అంది అక్క మురిసిపోతూ.

ఒడ్డున తమ్ముడు చెయ్యి చాపి నిలబడ్డాడు. ఆ చెయ్యి చూడగానే కుక్క ఆగిపోయింది. చెవులు వెనక్కి వాల్చి, గిరుక్కున తిరిగి రెల్లుపొదల్లోకి పారిపోయింది. వెంటపడబోయి అతను బురదలో మోకాళ్ల మీద పడ్డాడు. పొదల్లోంచి ఎముకలు పటపటమంటూ విరుగుతున్న చప్పుడు గట్టు మీద అందరికీ వినబడింది.

"కుక్క వేటకొచ్చిందా, విందుకొచ్చిందా?" అన్నారెవరో.

ముసలాయన నవ్వలేదు. "ఇదేనమ్మా నువ్వు నేర్పిన చదువు?" అన్నాడు.

అక్క కర్ర ఊతంతో లేచింది. ముఖం పాలిపోయింది. "తప్పు నాదేనండి. సరిగ్గా తయారవకుండానే తీసుకొచ్చాను," అంది. తర్వాత బేకరీ ఆయన వైపు తిరిగి, "మీ పిల్లను ఇంకెవరికైనా ఇవ్వండి. నా మీద నాకే నమ్మకం పోయింది," అంది.

తమ్ముడు అక్కడే ఉన్నాడు. ఒక్క మాట అంటే చాలు. దొంగకు తేలు కుట్టినట్టు, బురద చేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ నిలబడ్డాడు.

ఇంటికొచ్చాక అక్క వసారాలో కూర్చుని, మేజోడు ఉండగా చుట్టి విసిరింది. మిరియం దాన్ని తెచ్చి ఆవిడ ఒళ్లో పెట్టింది. మళ్లీ విసిరింది. మళ్లీ తెచ్చి పెట్టింది.

"నాకిస్తోందే! ఏదీ, ఈసారి నువ్వు తీసుకో."

అతను వంగి చెయ్యి చాపాడు. కుక్క ఒళ్లు కుంచించుకుని, మేజోడును పళ్ల మధ్య బిగించి, కళ్లలో తెలుపు కనబడేలా పక్కచూపు చూసింది. అక్క ముందు కుక్కను చూసింది. తర్వాత ఆ చేతిని, ఆపైన తమ్ముడి ముఖాన్ని చూసింది.

"ఏం చేశావురా?"

"నేనేం చేస్తాను? బాతు వాసన తగిలి..."

"మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?" అంది భార్య గుమ్మంలోంచి.

చెప్పాడు. పావురం సంగతి, చెవి సంగతి, బెల్టు సంగతి. మధ్యలో, "నలుగురూ నవ్వారక్కా," అన్నాడు. ఆ మాట తన చెవులకే ఎంత చవకగా వినబడిందంటే, ఇక తల ఎత్తలేకపోయాడు.

అక్క తిట్టలేదు. కుక్క చెవి మడిచి, మానిన గాటును వేలితో తడిమింది. "నా పక్కనే పెరిగావు కదరా," అని మాత్రం అంది.

తల కొట్టేసినట్టయింది అతనికి. కంచం ముందు కూర్చుని, దాన్ని పక్కకు నెట్టేశాడు.

"నా బుద్ధి గడ్డి తింది," అన్నాడు భార్యతో.

"గడ్డి తిన్నది మీ బుద్ధి. దెబ్బలు తిన్నది మిరియం. నలుగురిలో చివాట్లు తిన్నది వదిన," అందావిడ.

తర్వాతి వేటనాడు కుక్క లేకుండా ఒంటరిగా జట్టు షెడ్డుకు వెళ్లాడు. అందరూ బల్ల చుట్టూ చేరి తుపాకులు తుడుచుకుంటున్నారు. లోపలికి అడుగు పడక గుమ్మంలోనే నిలబడి, "కుక్కను పాడు చేసింది మా అక్క కాదు, నేను. కొట్టాను," అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండుననిపించింది.

"ఆ రోజే ఎందుకు చెప్పలేదు?" అని అడిగాడు ముసలాయన.

"ముఖం చెల్లలేదండి."

"మీ అక్కకు చెల్లిందా మరి?"

తల వంచుకుని వెనుదిరిగాడు. ఇంటికి ఎలా నడిచొచ్చాడో అతనికే తెలియదు.

బేకరీ ఆయన కుక్కపిల్లను తెచ్చి అక్కకు అప్పగించాడు. అప్పగిస్తూ, "మీ తమ్ముడి చేతికి మాత్రం ఇవ్వకండమ్మా," అన్నాడు. వెల్డరు పక్క గదిలోనే ఉన్నాడు.

మిరియంతో పని మళ్లీ మొదటికొచ్చింది. సాయంత్రాలు అక్క అతన్ని పెరట్లో నేల మీద కూర్చోబెట్టేది, కుక్కకు వీపు పెట్టి, చేతులు ఒళ్లో ఉంచుకుని. "తీసుకోకు. అది ఇస్తే అప్పుడు చూద్దాం," అనేది. ఎన్నో వారాలకు ఒకసారి అది మేజోడును అతని వెనక వదిలింది. ఆశ ఆపుకోలేక చెయ్యి కదిపాడు. వెంటనే నోట పట్టుకుని దూరం జరిగింది. అతను చెయ్యి మళ్లీ ఒళ్లోకి తెచ్చుకున్నాడు.

మరుసటి ఏడు అక్క కర్ర లేకుండానే గట్టెక్కింది. మిరియం బాతును తీసుకుని ఒడ్డుకొచ్చింది. అతను దారిలో ఉన్నాడని పక్కగా చుట్టు తిరిగి, నేరుగా వెళ్లి అక్క చేతిలో పెట్టింది. ఒక్క ఈక కూడా నలగలేదు. గట్టు మీద చప్పట్లు కొట్టారు.

జట్టులో కొత్తగా చేరిన మనిషొకడు అతని పక్కకొచ్చి, "అక్కాతమ్ముళ్లేగా మీరు, మీకివ్వదా?" అని అడిగాడు.

"ఇవ్వదు," అన్నాడు వెల్డరు నేల చూస్తూ. "కొట్టాను."