గిన్నె లేని మూత

"ఎలాగూ ఇంట్లోనే ఉంటావుగా, కుళాయి బాగుచేసే అతను పదకొండింటికి వస్తాడు, దగ్గరుండి చూసుకో," అని మా ఆయన చెప్పులేసుకుంటూ చెప్పి వెళ్లిపోయారు. ఇంట్లో ఉండటమంటే ఖాళీగా ఉండటమని ఆయన నమ్మకం. పెళ్లయి పధ్నాలుగేళ్లయినా ఆ నమ్మకం చెక్కుచెదరలేదు.

నాకూ ఒక ఉద్యోగం ఉంది. పిల్లలు కథలు రాసి పంపే ఒక వెబ్‌సైట్‌కి నేను గౌరవ సంపాదకురాలిని. ముందు గౌరవం తగిలిస్తే జీతం ఇవ్వక్కర్లేదు కదా. పిల్లలు ముద్దుపేర్లతో కథలు పంపుతారు. నేను చదివి, కింద నాలుగు మంచి మాటలు రాసి సైట్‌లో పెడతాను. ఏడాదికోసారి పది కథలు ఏరి పుస్తకం అచ్చు వేస్తారు. "పిల్లల రాతలు దిద్దడం కూడా ఒక పనేనా? పోనీలే, కాలక్షేపం," అంటారు ఆయన. "ఆ లాప్‌టాప్ ముందు కూర్చుందంటే పిలిచినా పలకదమ్మా," అని అత్తగారు మా ఆడపడుచుకి ఫోన్‌లో చెబుతుంటారు, నాకు వినబడేలాగే.

సైట్‌లో మాత్రం నాకు పేరుంది. పెద్దవాళ్లు రాసి పిల్లల పేరుతో పంపిన కథల్ని ఇట్టే పట్టేస్తాను. సైట్ నడిపే మేడమ్ నన్ను "మా ముక్కు" అంటుంది. దొరికేది ఎక్కువగా తండ్రులే. ఏడేళ్ల పిల్ల కథలో సూర్యుడు 'అస్తమించుటకు ఉద్యుక్తుడైతే' ఇక పసిగట్టడానికి ఏముంది? అలాంటప్పుడు ఇంటికి ఫోన్ చేసి అడగాలి, ఒప్పుకుంటే కథ తీసేయాలి. అదీ మా పద్ధతి.

ఆ రోజే పుస్తకానికి కథలు ఖాయం చేసే ఆఖరి రోజు. కుళాయి అతను సింకు కింద దూరి ఏదో కొడుతున్నాడు. నేను వంటింటి బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని మిగిలిన చివరి కథ తెరిచాను. రాసింది 'గడుగ్గాయి', వయసు తొమ్మిది. కథ చెప్పేది ఒక మూత. దాని గిన్నె ఎప్పుడో సొట్టపోయి పాత సామాన్లలోకి వెళ్లిపోయింది. మూత మాత్రం మిగిలింది. ఏ గిన్నెకీ సరిగ్గా పట్టదు, అయినా అన్నిటి మీదా దాన్నే పెడతారు. చదువుతూ నవ్వుకున్నాను. పుస్తకంలో దీన్నే మొదట వేయిద్దాం అనుకున్నాను కూడా. అప్పుడు ఆ ఇంటి ఇల్లాలి గురించి ఈ వాక్యాలు వచ్చాయి: "ఆవిడ గిన్నెలో ఎంత మిగిలిందో చూశాకే తనకి ఆకలేస్తోందో లేదో తేల్చుకుంటుంది. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు. ముందు ఎత్తి చూసేది నన్నే కదా."

తొమ్మిదేళ్ల పిల్లకి ఈ సంగతి తెలియదు. కథ ఎప్పుడొచ్చిందో చూశాను. మంగళవారం పొద్దున పదకొండుంబావు. పిల్లలు బడిలో ఉండే వేళ. పొద్దుటి గిన్నెలు కడిగి, మధ్యాహ్నం వంటకి లేచేలోపు దొరికే ఆ ముప్పావుగంట ఎవరిదో నాకు బాగా తెలుసు.

నాకు కడుపు మండిపోయింది. దొంగ దొరికినందుకు కాదు, ఆ వాక్యాలు నేను రాయనందుకు. అలాంటి మూత మా వంటింట్లోనూ ఉంది, పొద్దునే తోమాను. పధ్నాలుగేళ్లుగా తోముతున్నాను. నాకెందుకు తట్టలేదు? పెళ్లికి ముందు నేనూ కథలు రాసేదాన్ని. కొత్తలో ఒకటి ఆయనకి చూపిస్తే ఒక పేజీ చదివి, "బాగానే ఉంది గానీ, ఇందులో ఏమీ జరగట్లేదే?" అని, టీ అడిగారు. ఆ రోజుతో మానేశాను. నేను రాయకపోవడానికి ఆ మాటే కారణమని ఇన్నేళ్లూ భద్రంగా దాచుకున్నాను. ఈ పిల్ల తల్లికీ ఓ మొగుడు ఉండే ఉంటాడు, గిన్నెలు ఎలాగూ ఉన్నాయి, అయినా రాసేసింది. నా కారణాన్ని నా చేతిలోంచి లాగేసుకుంది. సరే, పద్ధతి ఉంది కదా, కథ పీకి పారేస్తాను అనుకున్నాను. ఆ ఆలోచన నాకెంత హాయినిచ్చిందో చెప్పడానికి సిగ్గేస్తోంది. వెంటనే ఫోన్ చేశాను.

"పాప స్కూల్‌కెళ్లిందండీ," అంది ఒక సన్నని గొంతు.

"కథ పాపే రాసిందా?"

వెనకాల ఎవరో మగమనిషి "ఎవరు?" అన్నాడు. "స్కూల్ నుంచి," అని ఆవిడ తలుపు దగ్గరికేసిన చప్పుడు.

"నేనే రాశానండీ," అంది గొంతు తగ్గించి. "పాపకేం తెలీదు. దాని పేరు మీదైతే ఎవరైనా చదువుతారని పంపాను. దాన్ని ఏమనకండి."

"పాపనేమీ అనం. కానీ ఇది పుస్తకంలో వెయ్యడం కుదరదు. సైట్‌లోనూ పెట్టం."

"అలాగేనండీ, తీసేయండి." ఫోన్ పెట్టేస్తుందనుకున్నాను. పెట్టలేదు. "ఒక్క మాట అడగనా? ఇంతవరకూ ఎవరికీ చూపించలేదు. మీరు చదివారు కదా... బాగుందా అండీ?"

ఈ సైట్‌లో చేరిన మూడేళ్లలో కొన్ని వందల మంది పిల్లలకి 'చాలా బాగుంది' అని రాసి ఉంటాను. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. బాలేదంటే చాలు, ఈవిడ ఇక జన్మలో కలం పట్టదు. నాకు తెలుసు, నేను పట్టలేదు. సింకు కింద నుంచి కుళాయి అతను, "అమ్మా, ఓసారి నీళ్లు వదలండి," అన్నాడు. ఆగమని చెయ్యి ఊపాను.

"కుళ్లుకు చస్తున్నానండీ," అన్నాను.

"ఏంటండీ?"

"ఆ ఆకలి మాట నేనెందుకు రాయలేదా అని ఒళ్లు మండిపోతోంది. ఇంకోటి రాయండి. పాప పేరు మీద కాదు, మీ పేరు మీద. నేనూ ఇవాళే మొదలుపెడుతున్నాను. మీకంటే బాగా రాయకపోతే అప్పుడడగండి."